పెరట్లో చెట్టు తుఫానుకు నిలవాలంటే

తుఫాను వెళ్ళిన మర్నాడు పడిపోయిన చెట్లు రెండు రకాలుగా కనిపిస్తాయి. కొన్ని నడిమికి విరిగి ఉంటాయి. కొన్ని మొదలంటా పెకలి, వేళ్ళతో సహా ఒరిగి ఉంటాయి. ఈ రెండో రకం చెట్టుకు వేళ్ళ వైపు వెళ్ళి చూడాలి. పాతిక అడుగుల చెట్టు, పదిహేనేళ్ళ వయసు; పైకి లేచిన వేళ్ళ పళ్ళెం మాత్రం నాలుగడుగుల వెడల్పు కూడా ఉండదు. మట్టి దులిపితే నడిమధ్యన తాడు చుట్టినట్టు ఒకదాని మీద ఒకటి మెలికపడ్డ వేళ్ళ ముద్ద బయటపడుతుంది. దాని కొలత సరిగ్గా నర్సరీ కవరంత ఉంటుంది. కవరు ఎప్పుడో పోయింది, దాని ఆకారం వేళ్ళలో అలాగే మిగిలిపోయింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంటి పెరట్లో చెట్టు నాటేవాళ్ళు మొట్టమొదట ఆలోచించాల్సింది ఈ వేళ్ళ గురించే. నీడ, పువ్వు, కాయ ఆ తర్వాతి మాటలు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటాయి. తేదీలు చూస్తే సంగతి తెలుస్తుంది. జూన్ చివర నాటిన మొక్కకు తొలి పరీక్ష మూడు నాలుగు నెలల్లోనే రావచ్చు. అప్పటికి నైరుతి వానలు నేలను బాగా నానబెట్టి ఉంటాయి. పొడినేలలో గట్టిగా పట్టుకునే వేరు, నానిన నేలలో జారుతుంది.

గాలి లెక్క కూడా గుర్తుంచుకోవాలి. వేగం రెట్టింపైతే చెట్టు మీద పడే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. తిత్లీ తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. రోజూ చూసే పాతిక, ముప్ఫై కిలోమీటర్ల గాలికి నిటారుగా నిలబడిన చెట్టును చూసి ‘గట్టిగానే ఉంది’ అనుకోవడం అందుకే పనికిరాదు.

గాలి వచ్చే దిక్కు కూడా మారుతుంది. మన వైపు తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. తుఫాను ఆగ్నేయం నుంచి దగ్గరకు వస్తుంటే ముందు ఈశాన్యపు గాలి కొడుతుంది. తుఫాను కన్ను, అంటే దాని నడిమి నిశ్చలమైన చోటు, ఊరి మీదుగానే పోతే కాసేపు అంతా సద్దుమణిగి, తర్వాత నైరుతి నుంచి గాలి అందుకుంటుంది. కన్ను ఊరికి దక్షిణంగా పోతే గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి తిరుగుతుంది. ఉత్తరంగా పోతే ఉత్తరం, వాయవ్యం మీదుగా పడమరకు తిరుగుతుంది. మొదటి గాలి వేళ్ళను వదులు చేస్తుంది, దిక్కు మారిన గాలి పడగొడుతుంది. ఒకే పక్క కర్ర పాతి, ఒకే పక్క తాడు కట్టిన మొక్క పడిపోవడానికి కారణం ఇదే. వేళ్ళు కూడా అంతే, ఒక పక్కకే పోతే చాలదు, నాలుగు దిక్కులా పరుచుకోవాలి.

ఏ చెట్టు, ఎంత స్థలానికి

ఐదు సెంట్ల స్థలం అంటే 242 గజాలు. 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు అనుకుందాం. ముందు వాకిలి, ఇల్లు, మెట్లు పోగా వెనక 15 అడుగుల పెరడు మిగిలితే అదృష్టం. అందులోనే సెప్టిక్ ట్యాంకు, బోరు, బట్టలు ఉతికే బండ. వేప గొడుగు ముప్ఫై, నలభై అడుగులు విచ్చుకుంటుంది. ఈ పెరట్లో వేప నాటితే పదేళ్ళకు అది సగం డాబా మీద, సగం పక్కింటి వాళ్ళ మీద ఉంటుంది. ఒక పక్కే కొమ్మలు కొట్టేస్తూ పోతే బరువంతా రెండో పక్కకు చేరి, చెట్టు ఒరిగే దిక్కును మనమే నిర్ణయించినట్టవుతుంది. అందుకని వేప, పనస, చింత లాంటి పెద్ద చెట్లకు గోడ నుంచి 20 నుంచి 25 అడుగులు, పొగడ, సపోటా, పొన్న లాంటి వాటికి 12 నుంచి 15 అడుగులు, పారిజాతం, నందివర్ధనం లాంటి వాటికి ఐదారడుగులు వదలాలి. సెప్టిక్ ట్యాంకుకు, నూతికి పెద్ద చెట్టు 20 అడుగుల లోపు ఉండకూడదు. కరెంటు తీగ కింద పన్నెండు అడుగులు మించి పెరిగేదేదీ వద్దు. ఐదు సెంట్ల పెరటికి ఒక్క సపోటానో, ఒక్క పొగడో చాలు. సపోటా కర్ర గట్టిది, గొడుగు గుండ్రంగా, కుదురుగా ఉంటుంది, గాలికి ఓర్చుకుంటుంది. పొగడ నిదానంగా పెరుగుతుంది గాని నిలబడే చెట్టు.

నేలను బట్టి ఎంపిక మారుతుంది. భోగాపురం, పూసపాటిరేగ నుంచి కళింగపట్నం, బారువ దాకా సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో ఇసుక, ఉప్పుగాలి రెండూ ఉంటాయి. అక్కడ పొన్న, గంగరావి, కానుగ, బాదం తట్టుకుంటాయి. వీటిలో పొన్నకు సాటి లేదు. దళసరి ఆకు మీద ఉప్పు నిలవదు, కర్ర గట్టిది, మొదలు బలంగా ఊరుతుంది. దోషం ఒక్కటే, తొందరగా పెరగదు. ఉద్దానం ఇసుకలో పనస బాగా వస్తుంది. అదే పనస వంశధార, నాగావళి పల్లపు నేలల్లో, వరి మడి పక్క పెరట్లో నాలుగైదు రోజులు మొదలు దగ్గర నీరు నిలిస్తే చచ్చిపోతుంది. వేప కూడా తడి కాళ్ళను సహించదు. పల్లానికి కానుగే సరైనది, కొంతకాలం నీళ్ళలో నిలబడగలదు. గజపతినగరం, చీపురుపల్లి వైపు ఎర్రమెట్టల్లో వేప, కానుగ, నేరేడు, మామిడి అన్నీ వస్తాయి. అక్కడ సమస్య కింద తగిలే గ్రావెల్ పొర.

ఇంటి దగ్గర వద్దనాల్సినవి కూడా ఉన్నాయి. తురాయి పూస్తే కళ్ళు చెదిరేంత అందం, కాని కర్ర పెళుసు, వేళ్ళు నేల పైపైనే పాకి అరుగులను, కాలిబాటను లేపుతాయి. నిద్రగన్నేరు ఊరి బయట చెరువు గట్టుకు తగిన చెట్టు. దాని గొడుగు ఇంటికి బరువు. కోనోకార్పస్‌ను త్వరగా పచ్చగా పెరుగుతుందని ప్రహరీ వెంట వరసగా పెట్టేశారు. ఆరోగ్యానికీ పర్యావరణానికీ ఇబ్బంది అని గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. సరుగుడు సముద్రానికీ ఊరికీ మధ్య అడ్డుగోడగా ఉండాల్సిందే, పెరట్లో మాత్రం కాదు.

ఒకే రకం చెట్టును వీధంతా నాటడం ఎంత ప్రమాదమో తెలుసుకోవడానికి ఆష్ చెట్టు కథ పనికివస్తుంది. అమెరికాలో ఇళ్ళ ముందు ఎక్కువగా కనిపించే నీడచెట్లలో ఇదొకటి. మంచు కాలంలో ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు, మన కోస్తా ఉక్కకు పనికిరాదు. దాని జాతివి మన దేశంలో హిమాలయాల్లో ఉన్నాయి. అమెరికా ఊళ్ళలో వీధులకు నీడనిచ్చిన ఎల్మ్ చెట్లు బూజు తెగులుకు పోతే, ఆ ఖాళీల్లో చాలాచోట్ల వరసగా ఆష్ నాటారు. 2002లో మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ దగ్గర, ఆసియా నుంచి వచ్చిన పచ్చగా మెరిసే ఒక పెంకు పురుగును గుర్తించారు. దాని పిల్లపురుగు బెరడు కింద వంకరటింకర సొరంగాలు తవ్వుతుంది. ఆకులు వండిన ఆహారం వేళ్ళకు చేరే దారి తెగిపోతుంది, చెట్టు చిటారు నుంచి ఎండుతూ వస్తుంది. అలా కోట్ల కొద్దీ చెట్లు పోయాయి. ఒకే రకం ఉన్న వీధులు ఒక్కసారిగా బోసిపోయాయి.

మనకు దీనికి దగ్గరి అనుభవం వేపది. 2021లో తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ చూసినా వేప కొమ్మల చివర్లు మాడిపోయి కనిపించాయి. ఇది కొమ్మలను చివర నుంచి ఎండబెట్టే శిలీంధ్రం పని. దానికి తోడు టీ దోమ అనే నల్లి జాతి పురుగు లేత చిగుళ్ళను గుచ్చి రసం పీల్చితే ఆ గాట్లలో తెగులు ఇంకా తేలిగ్గా పట్టుకుంటుంది. ఈ టీ దోమే పలాస, మందస వైపు జీడి తోటల్లో పూతను, చిగురును మాడ్చేది. కాబట్టి జీడి తోటను ఆనుకుని వేప వరస పెంచడం ఆ పురుగుకు ఇంకో ఇల్లు కట్టి ఇవ్వడమే. పెద్ద వేపకు ఈ తెగులు వస్తే కంగారుపడి కొట్టేయాల్సిన పని లేదు, ఎక్కువ చెట్లు వేసవికి మళ్ళీ చిగురిస్తాయి. చిన్న మొక్కకైతే ఎండిన చోటికి జానెడు కిందికి, పచ్చి భాగంలో కోసి, ఆ పుల్లలను కాల్చేయాలి. వీధిలో పది ఇళ్ళుంటే పది ఇళ్ళూ వేపే నాటకుండా నాలుగైదు రకాలు పంచుకోవడం దీనికి అసలు మందు.

నర్సరీలో చూడాల్సింది వేరు

ఎనిమిదడుగుల మొక్కను చూస్తే మనసు పోతుంది. మూడేళ్ళు కలిసొచ్చాయని అనిపిస్తుంది. కాని ఆ ఎత్తు మొక్క చిన్న కవరులో ఉందంటే మూడేళ్ళుగా దాని వేళ్ళకు తోవ లేదని అర్థం. కవరు గోడకు తగిలిన వేరు వంగి చుట్టూ తిరుగుతుంది. తల్లివేరు అడుగు తగిలి కొక్కెంలా పైకి మళ్ళుతుంది. ఇలా ముదిరిన మెలిక నేలలో నాటాక తనంత తాను విప్పుకోదు. పైగా లావెక్కుతూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. రెండు, మూడడుగుల ఎత్తు, చిటికెన వేలి లావు కాండం, ఊతకర్ర లేకుండా తనంత తాను నిలబడే మొక్క మేలు. నాలుగైదేళ్ళకు అది ఎనిమిదడుగుల మొక్కను దాటిపోతుంది, ఎందుకంటే వేళ్ళు మొదటి ఏడాది నుంచే పనిలో పడతాయి.

కొనేముందు ఒక మొక్క కవరును చీల్చి చూపించమనడంలో తప్పు లేదు. మట్టి ముద్ద మీద తెల్లని సన్నని వేళ్ళు అక్కడక్కడా కనిపిస్తే మంచిది. పెన్సిల్ లావు గోధుమరంగు వేరు చుట్టూ తిరిగి కనిపిస్తే ఆ గుంపును వదిలేయాలి. కాండాన్ని మెల్లగా ఊపితే మట్టి ముద్ద కూడా కలిసి కదలాలి. కాండం ఒక్కటే కదిలితే వేళ్ళు కుళ్ళాయో, మొన్ననే కవరు మార్చారో.

కుదిరితే అన్నిటికంటే మంచిది గింజను నేరుగా గొయ్యిలోనే వేయడం. తల్లివేరు తన దారిన తాను కిందికి దిగుతుంది. పనస గింజ ఆరిపోతే మొలవదు, పండు తిన్న రెండు మూడు రోజుల్లో వేయాలి. వేప పళ్ళు రాలే జూన్, జూలైలోనే గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, రెండు వారాల్లోపు వేయాలి. కానుగ గింజ నెలల తరబడి నిలవ ఉంటుంది. పొన్న గింజకు గట్టి పెంకు. దాన్ని లోపలి పప్పు నలగకుండా పగలగొట్టి వేస్తే నెల లోపే మొలుస్తుంది, లేకపోతే రెండు నెలలైనా పట్టవచ్చు. ఒక్కో గొయ్యిలో మూడు గింజలు అడుగు ఎడంగా వేసి, ఏడాది తర్వాత బలమైనది ఉంచి మిగతావి నేలబారుకు కత్తిరించాలి. పీకకూడదు, పీకితే ఉంచిన దాని వేళ్ళూ కదులుతాయి. గంగరావి, రావి కొమ్మ పాతినా బతుకుతాయి, కాని కొమ్మ నుంచి వచ్చిన చెట్టుకు తల్లివేరు ఉండదు.

గొయ్యి

గొయ్యి ఏప్రిల్, మేలో తవ్వి ఎండకు వదలాలి. కొలత లోతు కంటే వెడల్పులో ఎక్కువ ఉండాలి. మూడడుగుల చదరం, రెండడుగుల లోతు మామూలు ఎర్రనేలకు సరిపోతుంది. గ్రావెల్ పొర తగిలితే గునపంతో దాన్ని ఛేదించి ఇంకో అడుగు దిగాలి, లేకపోతే గొయ్యి రాతి తొట్టిలా తయారై వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయి. గుండ్రని గొయ్యి వద్దు. గట్టి నేలలో నున్నగా చెక్కిన గుండ్రటి గోడ వెంట వేళ్ళు మళ్ళీ చుట్టూ తిరుగుతాయి. నలుచదరపు మూలల్లో వేరు గోడను గుచ్చుకుని బయటికి పోతుంది. నాటే ముందు నాలుగు గోడలనూ గునపంతో అక్కడక్కడా పొడిచి గరుకు చేయాలి. బంకమట్టిలో ఇది తప్పనిసరి, ఎందుకంటే పార దెబ్బకు ఆ మట్టి మైనం పూసినట్టు మూసుకుపోతుంది.

నీరు ఇంకే తీరు తెలుసుకోవడానికి గొయ్యి నిండా నీళ్ళు పోసి ఇంకనివ్వాలి, మళ్ళీ నింపి గంటకు ఎంత దిగిందో చూడాలి. గంటకు అంగుళం దిగితే బాగున్నట్టు. మర్నాడు పొద్దునకూ నీరుంటే అక్కడ గొయ్యిలో నాటకూడదు. నాలుగైదు అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటాలి.

తవ్వేటప్పుడే పైఅడుగు మట్టిని ఒక పక్క, కింది మట్టిని ఇంకో పక్క పోయాలి. పైమట్టిలో రెండు తట్టలు, అంటే సుమారు 20 కిలోలు, బాగా మాగిన పశువుల గత్తం, అర కిలో వేప పిండి కలిపితే చాలు. వేప పిండి చెదలను కొంత ఆపుతుంది. పచ్చి పేడ వేస్తే వేడి పుట్టి వేళ్ళు మాడతాయి, చెదలు కూడా చేరతాయి. ఎక్కువ ఎరువు వేస్తే ఎక్కువ పెరుగుతుందనుకుని సగం గొయ్యి గత్తంతో నింపడం చాలామంది చేసే పొరపాటు. గత్తం కుళ్ళి కుంగుతుంది, మొక్క దానితోపాటు కిందికి దిగుతుంది. వేళ్ళు ఆ మెత్తటి బలమైన మట్టిని వదిలి బయటి గట్టినేలలోకి పోవు. తుఫాను రోజు ఆ గొయ్యంత ముద్దే ఊడివస్తుంది.

ఇసుక నేల లెక్క వేరు. నీరు నిలవదు కాబట్టి అడుగున కొబ్బరి డొక్కలు లోపలి భాగం పైకి ఉండేలా రెండు వరసలు పేర్చి, మధ్యలో ఇసుక వేయాలి. ఉద్దానంలో కొబ్బరి మొక్క నాటే వాళ్ళకు ఇది కొత్త కాదు, నీడచెట్టుకూ అంతే పనిచేస్తుంది. దాని పైన ఐదారు తట్టల చెరువు మట్టి కలిపి నింపాలి.

వానలు పడి రెండు మూడు సార్లు గొయ్యి తడిసి, మట్టి కుంగాక, జూన్ చివర లేదా జూలైలో నాటాలి. కవరును పూర్తిగా తీసేయాలి. అడుగు చీల్చి వదిలేస్తే చాలదు. మట్టి ముద్ద పక్కల పదునైన బ్లేడుతో పైనుంచి కిందికి నాలుగు చోట్ల అర అంగుళం లోతున గీయాలి. అడుగున మెలిక ఉంటే చివరి అంగుళం కోసేయాలి. మొక్కకు దెబ్బ అని జాలిపడతారు గాని, కోసిన చోట నుంచి కొత్త వేళ్ళు బయటి వైపు నేరుగా పోతాయి. కాండం కింద వెడల్పయి వేళ్ళుగా మారే చోటు నేల మట్టానికి సరిగ్గా, లేదా ఒక అంగుళం పైకి ఉండాలి. ఆ మెడ భాగం మట్టిలో కూరుకుపోతే వానాకాలంలో బెరడు కుళ్ళుతుంది. మట్టిని కాలి మడమతో తొక్కి గట్టిపరచకుండా, రెండు బకెట్ల నీళ్ళు పోసి కుదురుకోనివ్వాలి.

నీళ్ళు, ఊత

రోజూ ఓ చెంబు నీళ్ళు మొదలు దగ్గర పోస్తే వేళ్ళు ఆ చెంబు తడి చుట్టూనే ఉండిపోతాయి. నేల పైన నాలుగు అంగుళాలు తడి, కింద ఎండు. మొదటి వేసవిలో వారానికి ఒకసారి 15 నుంచి 20 లీటర్లు, ఇసుకలో రెండుసార్లు, నిదానంగా ఇంకేలా పోయాలి. పాదు కాండానికి ఆనుకుని కాదు, అడుగు దూరంలో వలయంలా ఉండాలి. ఆరు నెలలకోసారి ఆ వలయాన్ని ఇంకో అడుగు బయటికి జరపాలి. నీళ్ళు ఎక్కడుంటే వేరు అక్కడికి పోతుంది కాబట్టి, పాదు జరపడమంటే వేరును నడిపించడమే. పైన వరిగడ్డో, ఎండాకో మూడు నాలుగు అంగుళాల మందాన కప్పి, కాండానికి బెత్తెడు దూరం ఖాళీ వదలాలి.

సెప్టెంబరు చివరికి పని తిరగబడుతుంది. అప్పుడు పాదులో నీరు నిలవకూడదు. పాదును పూడ్చి, మొదలు చుట్టూ మట్టిని కొంచెం వాలుగా సర్ది, నీరు బయటికి పోయే కాలువ తీయాలి. నిండిన పాదులో ఉన్న మొక్క గాలికి పాయసంలో గరిటెలా తిరుగుతుంది. ఆ తిరుగుడికి కాండం చుట్టూ మట్టిలో గుంట పడిందంటే వేళ్ళు తెగుతున్నట్టే.

ఊత ఎక్కడ కట్టాలో చేత్తోనే తేల్చుకోవచ్చు. కాండాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కింద నుంచి పైకి జరుపుతూ పోతే ఒకచోట పట్టుకున్నప్పుడు తల వాలకుండా నిలబడుతుంది. దానికి బెత్తెడు పైన కట్టాలి, అంతకు మించి వద్దు. కాండానికి అడుగున్నర దూరంలో చెరో పక్కా వెదురు కర్ర, రెండడుగులు నేలలోకి దిగేలా పాతాలి. పాత చీర పేలికను రెండంగుళాల వెడల్పున మడిచి కాండానికీ కర్రకూ మధ్య ఎనిమిది అంకెలా మెలివేసి కట్టాలి. బైండింగ్ వైరు, ప్లాస్టిక్ తాడు బెరడును కోస్తాయి. కట్టు కొంచెం వదులుగా ఉండి కాండం ఊగాలి. ఊగిన కాండమే మొదలు దగ్గర లావెక్కుతుంది, వేరు కూడా బలపడుతుంది. కదలకుండా బిగించిన మొక్క సన్నగా పొడుగవుతుంది, కట్టు విప్పిన రోజు వంగిపోతుంది. ఏడాదికి కర్రలు తీసేయాలి.

కొమ్మ కత్తిరింపు

విరిగిన చెట్లలో చాలావాటికి విరిగిన చోటు పంగే. ఒకే లావున్న రెండు కొమ్మలు ఇరుకుగా ఆనుకుని పైకి లేస్తే వాటి మధ్య బెరడు ఇరుక్కుపోతుంది, కర్రా కర్రా అతుక్కోదు. పైకి ఒక్కటిగా కనిపిస్తుంది, పెద్ద గాలికి నిలువునా చీలుతుంది. రెండో, మూడో ఏడే ఇలాంటి పంగను గుర్తించి ఒకదాన్ని తీసేస్తే సికేచర్‌తో, అంటే కొమ్మలు కోసే చేతి కత్తెరతో, పోయే పని, ఇరవయ్యో ఏట రంపానికి, నిచ్చెనకు, భయానికి వస్తుంది. ఏ కొమ్మయినా అది పుట్టిన చోట మానులో సగం లావు మించకుండా ఉంటే మంచిది.

కోసేటప్పుడు మానుకు ఒరుసుకుని చదునుగా కోయకూడదు; కొమ్మ మొదట ఉండే ఉబ్బెత్తు వలయాన్ని వదిలి దాని బయట కోయాలి. గాయాన్ని మూసే కణజాలం అందులోనే ఉంటుంది. బరువైన కొమ్మకు మూడు కోతలు. మొదటిది అడుగు దూరంలో కింద నుంచి మూడోవంతు, రెండోది దానికి కొంచెం బయట పై నుంచి పూర్తిగా, మూడోది మిగిలిన మోడుకు. మొదటి కోత లేకపోతే కొమ్మ విరుగుతూ మాను బెరడును జానల కొద్దీ చీల్చుకుపోతుంది. ఈ పనులకు జనవరి, ఫిబ్రవరి మంచివి. తుఫాను కాలం ముందు ఎండిన కొమ్మలు, వేలాడేవి, ఒరుసుకునేవి తీస్తే చాలు. గాలికి భయపడి తల మొత్తం కొట్టేస్తే మోడు చుట్టూ గుత్తులుగా చిగుళ్ళు వస్తాయి. అవి పైపొరను పట్టుకుని వేలాడేవే, మూడేళ్ళకు లావై మొట్టమొదట విరిగేవీ అవే.

పెద్ద గాయాలకు బోర్డో పేస్టు పూయడం మామిడి, పనసకు మన దగ్గర అలవాటు. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి, తర్వాత రెండింటినీ కలపాలి. మట్టి లేదా ప్లాస్టిక్ పాత్రలోనే. అందులో ఇనప చాకు ఒక నిమిషం ముంచి తీస్తే రాగి రంగు అంటితే ఇంకొంచెం సున్నం వేయాలి. ఆ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి.

ఒరిగిన మొక్కను లేపడం

నాలుగేళ్ళ లోపు మొక్క, మాను చేతి మణికట్టు లావు దాకా ఉన్నది, ఒరిగితే తిరిగి నిలబెట్టవచ్చు. నేల తడిగా ఉండగా, రెండు మూడు రోజుల్లోపు చేయాలి. అంతవరకు పైకి లేచిన వేళ్ళ మీద తడి గోనెసంచులు కప్పి ఉంచాలి. ముందు లేచిన వేళ్ళ కింద మట్టి తీసి చోటు చేయాలి, లేకపోతే లాగినప్పుడు వేళ్ళు మడతపడతాయి. చితికిన వేళ్ళను పదునైన కత్తితో నున్నగా కోసి, మానుకు గోనె చుట్టి దాని మీద తాడు వేసి నెమ్మదిగా లాగాలి. మట్టి నింపి, నీళ్ళు పోసి, మూడు దిక్కులా మూడు తాళ్ళు నేలలో పాతిన మేకులకు కట్టాలి. వేళ్ళు ఎంత పోయాయో అంతకు తగ్గట్టు కొమ్మల్లో పావు వంతు నుంచి మూడో వంతు తగ్గించాలి. తాళ్ళు వచ్చే వానాకాలం దాకా ఉండాలి. లావు మాను పూర్తిగా పెకలితే నిలబెట్టే ప్రయత్నం వద్దు. నిలబడినట్టే ఉండి తర్వాతి గాలికి మనుషుల మీద పడుతుంది.

పడని చెట్లు కూడా తుఫాను తర్వాత మాడిపోయినట్టు కనిపిస్తాయి. సముద్రం నుంచి వచ్చిన ఉప్పు తుంపర ఆకును కాల్చేస్తుంది, ఒక్క రాత్రిలో చెట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. చచ్చిపోయిందని గొడ్డలి తీసేవాళ్ళు ఎక్కువ. మంచినీళ్ళు దొరికితే అందినంత మేర ఆకుల మీద పోసి కడగాలి, మొదలు దగ్గర కూడా రెండు మూడు సార్లు ఎక్కువగా పోసి ఉప్పును కిందికి దిగనివ్వాలి. తర్వాత వేలి లావు కొమ్మ మీద బెరడును గోటితో గీకి చూడాలి. గీకిన చోట పచ్చగా, చెమ్మగా ఉంటే ఆ కొమ్మ బతికి ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకో మూరెడు కిందికి వచ్చి మళ్ళీ గీకాలి. ఎక్కడ పచ్చ తగిలితే అక్కడికే కత్తెర ఆగాలి. అసలు ఎక్కడా పచ్చ తగలకపోయినా, వేప, కానుగ లాంటి వాటిని సంక్రాంతి దాకా కదిలించకుండా ఉంచాలి, మొదలు నుంచి చిగురు రావచ్చు.